అడ్డతీగల కొండరాళ్ళు

పిల్లలూ! పెళ్ళి విందులోనో, గుడిలో సంతర్పణ జరిగినప్పుడో మీరు అడ్డాకు విస్తరిలో భోజనం చేసే ఉంటారు. మొదట్లో ఒకటిగా ఉండి, చివరకు వచ్చేసరికి రెండుగా చీలి, మేకగిట్టలాగా కనిపించే పెద్ద ఆకులను పుల్లలతో కుట్టి ఆ విస్తరి చేస్తారు. ఆ ఆకు ఇచ్చే తీగను అడ్డతీగ అంటారు. తూర్పు కనుమల అడవుల్లో అది చెట్లను అల్లుకుని, ఒక కొమ్మ నుంచి ఇంకొక కొమ్మకు పాకి, మర్రి ఊడలాగా వేలాడుతూ ఉంటుంది. ఆ తీగ పేరు వినిపించే ఊరికే మనం ఇప్పుడు వెళుతున్నాము.

అడ్డతీగలకు రాజమండ్రి నుంచి వచ్చేవాళ్ళు గోకవరం, రంపచోడవరం మీదుగా వస్తారు. కాకినాడ వైపు నుంచి అయితే ఏలేశ్వరం మీదుగా దారి. ఏలేశ్వరం దాటిన తరవాత వరిచేలు వెనకబడిపోతాయి. జీడిమామిడి తోటలు వస్తాయి. ఆ పైన కొండలు, మలుపులు, గెడ్డలు. కొండరెడ్లు మొదలైన గిరిజనులు ఉండే ప్రాంతం ఇది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో వచ్చి ఈ ఊరి పోలీసు స్టేషనును ముట్టడించిన సంగతి మీరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. ఆ కథ మీకు తెలిసినదే కాబట్టి మనం స్టేషను దగ్గర ఆగకుండా ఇంకొంచెం ముందుకు పోదాము. రోడ్డు వెయ్యటానికి కొండను తొలిచినచోట బయటపడిన రాయి ఉంటుంది. దాని దగ్గర ఆగుదాము.

ఈ కనుమల్లో చాలాచోట్ల కనిపించే రాయి ఒకటి ఉన్నది. ఎండకూ, వానకూ నాని, తెలుపూ గోధుమా కలిసిన రంగులో, చారలు చారలుగా ఉంటుంది. గట్టిగా కొడితే కొన్నిచోట్ల పొడిపొడిగా రాలుతుంది. దానిలో దానిమ్మగింజల్లాగా ఎర్రని గింజలు పొదిగినట్టు ఉంటాయి. అవి గార్నెట్లు. అక్కడక్కడ బూడిదరంగు పొలుసులు మెరుస్తాయి. వేలితో రాస్తే వేలు నల్లనవుతుంది. అది గ్రాఫైటు, మీ పెన్సిలు ములుకులో ఉండే పదార్థమే. ఈ రాయికి ఖోండలైటు అని పేరు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒడిశా కొండల్లో ఉండే ఖోండుల పేరు దీనికి పెట్టాడు. ఆ ఖోండులనే మన అరకు వైపు కోదులు అని కూడా అంటారు. కోణార్క దేవాలయం కట్టినది ఈ జాతి రాతితోనే.

ఇప్పుడు కొండ అయి నిలబడ్డ ఈ రాయి ఒకప్పుడు నీటి అడుగున ఉన్న బురద. ఆ బురద భూమి లోపలికి కూరుకుపోయి, అక్కడి వేడికీ ఒత్తిడికీ ఉడికి, గట్టి రాయి అయింది. బురదలో ఉన్న బంకమట్టి గార్నెట్టూ, సిలిమనైటూ అయింది. ఆ బురదలో చచ్చి కలిసిపోయిన అతి సూక్ష్మమైన నాచులాంటి జీవుల దేహాలలోని కర్బనమే చాలావరకు ఈ గ్రాఫైటుగా మారిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అంటే, ఈ రాతిలో ఖనిజమూ ఉన్నది, ఒకనాటి ప్రాణి శేషమూ ఉన్నది. వీటితోపాటు మూడవది ఒకటి ఉన్నది. దానికోసమే మనం ఇంతదూరం వచ్చాము.

ఆ మూడవది కంటికి ఆనదు. భూతద్దం పెడితే, తేనెరంగులో ఉన్న చిన్న చిన్న గింజలుగా కనిపించవచ్చు. దాని పేరు మోనజైటు. అది ఒక ఫాస్ఫేటు ఖనిజం. సిరియం, లాంథనం మొదలైన అరుదైన లోహాలు దానిలో ఉంటాయి. వాటి మధ్య థోరియం ఇమిడి కూర్చుంటుంది, కొంచెం యురేనియం కూడా ఉంటుంది. ఈ రెండూ రేడియోధార్మిక మూలకాలు. అంటే వీటి పరమాణువులు శాశ్వతంగా ఒక్క తీరున ఉండవు. ఎప్పుడో ఒకప్పుడు ఒక పరమాణువు దానంతట అదే పగిలి, లోపలి నుంచి చిన్న ముక్కను మహావేగంతో విసిరి, వేరొక మూలకంగా మారిపోతుంది. ఆ కొత్త మూలకం కూడా నిలవదు, మళ్ళీ మారుతుంది. అలా మారి మారి చివరకు సీసం అయినప్పుడు శాంతిస్తుంది.

దీనికేమీ తొందర లేదు. కొంత థోరియం తీసుకుంటే, దానిలో సగం మారటానికి 1,405 కోట్ల సంవత్సరాలు పడుతుంది. యురేనియానికి సుమారు 447 కోట్లు. భూమి వయస్సే 450 కోట్ల సంవత్సరాలు కాబట్టి, భూమి పుట్టినప్పుడున్న థోరియంలో చాలాభాగం ఇప్పటికీ అలాగే ఉన్నది.

మీకొక అనుమానం వస్తుంది: ఈ రాయిని పట్టుకుంటే ప్రమాదం కాదా? కాదు. మామూలు రాళ్ళలోనూ, మట్టిలోనూ సగటున టన్నుకు పది గ్రాముల థోరియం, రెండు మూడు గ్రాముల యురేనియం ఎక్కడైనా ఉంటాయి. ఈ కొండరాళ్ళలో థోరియం అంతకంటే కొంత ఎక్కువ ఉండవచ్చు, అంతే. అడ్డతీగలలో యురేనియం గని ఏమీ లేదు. ఉన్నది పిసరంతే. కాని ఆ పిసరంత చేసే పనులు చాలా ఉన్నాయి.

మొదటిది, గింజ లోపలే జరిగే పని. మోనజైటు గింజ పుట్టేటప్పుడు థోరియాన్నీ, యురేనియాన్నీ లోపలికి రానిస్తుంది. సీసాన్ని మాత్రం దాదాపు రానివ్వదు, దానికి ఆ ఇంట్లో సరిపోయే గది లేదు. కాబట్టి ఇప్పుడు గింజలో సీసం కనపడిందంటే అది బయట నుంచి వచ్చినది కాదు, లోపల థోరియమూ యురేనియమూ మారి పుట్టినదే. ఎంత సీసం ఉన్నదో కొలిస్తే గింజ పుట్టి ఎన్నాళ్ళయిందో లెక్కకట్టవచ్చు. ఇలా లెక్కకట్టగా, ఈ కనుమల మోనజైటు గింజల్లో చాలావాటి వయస్సు 100 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా తేలింది. ఆ బురద రాయిగా ఉడికిన కాలం అదన్నమాట. ఇంత కాలంలోనూ గింజలోని థోరియం తగ్గినది ఇరవయ్యో వంతు మాత్రమే!

రెండవది, గింజ తన పొరుగువాళ్ళకు చేసే పని. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఈ రాళ్ళలో బయొటైటు అనే నల్లని అభ్రకం ఉంటుంది. ఆ అభ్రకంలో ఒక్కొక్కచోట మోనజైటు గింజో, జిర్కాన్ గింజో ఇరుక్కుని ఉంటుంది. రాతిని కాగితం కన్నా పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, ఆ గింజ చుట్టూ గుండ్రంగా ఒక నల్లని మచ్చ కనపడుతుంది. గింజలోంచి వెలువడే ఆల్ఫా కణాలు అన్ని వైపులకూ దూసుకుపోయి, కొంతదూరం పోయాక ఆగిపోతాయి. పోయినంత మేరా అభ్రకం రంగు మారుతుంది. ఆ దూరం ఎంతో తెలుసా? మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు. మీ తలవెంట్రుక మందంలో సగం! దీపం చుట్టూ గోడమీద మసి పట్టినట్టు, కోట్ల సంవత్సరాలుగా పట్టిన మసి అది. ఈ మచ్చలు ఎందుకు వస్తాయో పూర్వం ఎవరికీ తెలిసేది కాదు. 1907లో డబ్లిన్‌లో జాలీ అనే ఆచార్యుడు వాటి గుట్టు విప్పాడు.

గింజకు కూడా దెబ్బ తగులుతుంది. పరమాణువు ముక్కను విసిరినప్పుడు, తుపాకి పేలిస్తే భుజం వెనక్కు కొట్టుకున్నట్టు, తను వెనక్కు తన్నుకుని, చుట్టూ వరసగా కూర్చున్న వందలకొద్దీ పరమాణువులను చెదరగొడుతుంది. జిర్కాన్ ఈ దెబ్బలు తిని తిని, లోపలి వరసలన్నీ చెదిరి, గాజులాగా అయిపోవచ్చు. మోనజైటు అలా కాదు. దెబ్బ తగిలినచోట మళ్ళీ తనంతట తను సర్దుకుంటుంది. థోరియాన్ని కడుపులో పెట్టుకుని 100 కోట్ల సంవత్సరాలు గడిపినా గింజ గింజగానే ఉండటానికి కారణం ఇదే.

ఇక వానలు పడనివ్వండి. అడ్డతీగలలో వాన అంటే మాటలు కాదు. గెడ్డలన్నీ ఒక్క రాత్రిలో పొంగుతాయి. వాననీరు గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుని వస్తుంది. అడవి మట్టిలో చెట్ల వేళ్ళూ, కుళ్ళే ఆకులూ విడిచే బొగ్గుపులుసు వాయువు ఇంకా కలుస్తుంది. ఆ కొద్దిపాటి పులుపుతో నీళ్ళు రాతిలోకి ఇంకి, ఏళ్ళ తరబడి దాన్ని అరగదీస్తాయి. కరిగేది కరిగిపోతుంది, కరగనిది మిగులుతుంది. ఇనుమూ, అల్యూమినియమూ మిగిలి ఎర్రమట్టి అవుతుంది. ఈ కనుమల్లో కొన్ని కొండల నెత్తిన బాక్సైటు ఏర్పడినది ఇలాగే.

ఇక్కడే థోరియానికీ యురేనియానికీ దారులు వేరవుతాయి. రాతిలో ఇద్దరూ ఒకే గింజలో అన్నదమ్ముల్లాగా ఉన్నారు. నీళ్ళు తగిలేసరికి ఒకరి గుణం ఒకరికి లేదని తేలుతుంది. థోరియం నీళ్ళల్లో దాదాపు కరగదు. గింజలో ఉంటే గింజలో ఉంటుంది. గింజ అరిగి బయటపడ్డా, పక్కనున్న మట్టినీ, ఇనుపతుప్పునూ పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. అందుకే బాగా నానిన ఎర్రమట్టిలో యురేనియంతో పోలిస్తే థోరియం పాలు ఎక్కువగా ఉంటుంది. యురేనియం తీరు వేరు. దానికి ప్రాణవాయువు అందితే చాలు, రూపం మార్చుకుంటుంది. ఆ కొత్త రూపంలో, బొగ్గుపులుసు వాయువు కలిసిన నీళ్ళు దొరికితే, కార్బొనేటుతో జంటకట్టి నీళ్ళల్లో కలిసిపోయి ప్రయాణం మొదలుపెడుతుంది. రంగు ఉండదు, రుచి ఉండదు. గెడ్డలో నీళ్ళు ఎటు పోతే అటు పోతుంది.

పోయి పోయి ఎక్కడ ఆగుతుంది? ఇప్పుడు అడ్డాకు దగ్గరకు రావాలి.

గెడ్డ ఒడ్డున నీళ్ళు నిలిచే మడుగును ఎప్పుడైనా కర్రతో కెలికి చూశారా? పైన నీళ్ళు తేటగా ఉంటాయి. కింద నల్లని బురద లేస్తుంది, కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. అడ్డాకులూ, వెదురాకులూ, మద్దిచెట్టు ఆకులూ రాలి అడుగుకు చేరి కుళ్ళగా ఏర్పడిన బురద అది. ఆకులను తినే సూక్ష్మజీవులు అక్కడ కోట్లకొద్దీ ఉంటాయి. అవి తింటూ, ఊపిరి పీలుస్తూ, ఆ నీళ్ళలో ఉన్న ప్రాణవాయువునంతా వాడేస్తాయి. ప్రాణవాయువు అయిపోయాక కొన్ని చచ్చిపోతాయి. కొన్ని ఉపాయం కలవి మాత్రం ప్రాణవాయువుకు బదులు ఇనుపతుప్పుతో ఆ పని జరుపుకుంటాయి. ఇంకా విచిత్రం, యురేనియంతో కూడా జరుపుకోగలవి ఉన్నాయి! ఈ సంగతి 1991లో అమెరికాలో లవ్లీ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ రుజువు చేశారు. అలాంటి బురదలో యురేనియం మళ్ళీ తన పాత రూపానికి, కరగని రూపానికి వస్తుంది. ప్రయాణం అక్కడితో సరి. నీళ్ళు పోతాయి, యురేనియం బురదలో మిగులుతుంది.

సూక్ష్మజీవులు లేకపోయినా కుళ్ళిన ఆకు ఊరుకోదు. ఆకు కుళ్ళినప్పుడు టీ డికాక్షను రంగులో ఒక పదార్థం వస్తుంది, దానిని హ్యూమిక్ ఆమ్లం అంటారు. ముళ్ళకాయ గుడ్డకు పట్టుకున్నట్టు, అది యురేనియాన్ని పట్టుకుంటుంది. హంగరీ దేశంలో సాలయ్ అనే ఆయన బురదనేలల్లో కుళ్ళిన మొక్కల పొరలను పరీక్షించి, నీళ్ళలో ఉన్నదానికన్నా ఆ పొరలో యురేనియం పదివేల రెట్లు పోగుపడగలదని చూపించాడు.

మన గెడ్డ మడుగులో పోగయ్యేది అతి స్వల్పం. ఆకులు కుప్పపడతాయి, మరుసటి వానకు కొట్టుకుపోతాయి. కాని ఇదే తంతు లక్షల సంవత్సరాలు ఒకేచోట జరిగితే? ఆఫ్రికాలో గాబన్ దేశంలో ఓక్లో అనే చోట అలా పోగుపడిన యురేనియం, 200 కోట్ల సంవత్సరాల క్రితం, మనిషి చెయ్యి పడకుండానే అణు రియాక్టరులాగా రాజుకుని, చాలాకాలం నడిచింది! ఈ సంగతి 1972లో బయటపడింది. దాన్ని అక్కడ పట్టి ఉంచిన వాటిలో పురాతన జీవుల నుంచి వచ్చిన తారులాంటి కర్బన పదార్థం కూడా ఉన్నది.

అంతదూరం పోనక్కరలేదు. మన ఆంధ్రదేశంలోనే, అడ్డతీగలకు నైరుతి దిక్కున, కడప జిల్లాలో పులివెందుల దగ్గర తుమ్మలపల్లె ఉన్నది. అక్కడ నేలకింద ఉన్నది కొండరాయి కాదు, సున్నపురాయికి చుట్టమైన డోలమైటు. దాదాపు 200 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున నాచులాంటి సూక్ష్మజీవులు చాపల్లాగా పరుచుకుని, చాపమీద చాపగా పెరిగి, వాటిమీద సున్నం పేరుకుని రాయి అయింది. ఆ రాతిని కోసి చూస్తే ఉల్లిపాయ పొరల్లాంటి గుర్తులు కనపడతాయి. వాటిని స్ట్రొమటొలైటులు అంటారు. ఆ పొరల మధ్య ఫాస్ఫేటుతోనూ, కర్బన పదార్థంతోనూ కలిసి యురేనియం ఉన్నది. టన్ను రాయి తీస్తే అరకిలో కూడా రాదు. అయినా రాయి విస్తారంగా ఉన్నది కాబట్టి అక్కడ గని తవ్వి, 2012 ప్రాంతంలో కర్మాగారం నడపటం మొదలుపెట్టారు.

ఆ కర్మాగారంలో రాతిని పిండి చేసి, చాకలిసోడాలో ఉండే సోడియం కార్బొనేటుతో వేడిమీద, ఒత్తిడిమీద కలుపుతారు. ప్రాణవాయువు పంపిస్తారు. యురేనియం కరిగి నీళ్ళలోకి వస్తుంది. చూశారా! ప్రాణవాయువు, కార్బొనేటు, నీళ్ళు: అడ్డతీగల గెడ్డలో వాన మెల్లగా చేసే పనినే అక్కడ యంత్రాలు కొద్ది గంటల్లో చేస్తున్నాయి.

యురేనియం తీసుకున్నాక మిగిలిన బురదను ఒక పెద్ద చెరువులో నిలవచేస్తారు. ఆ బురదలో రేడియం ఉంటుంది, కొంత యురేనియమూ మిగిలి ఉంటుంది, కార్బొనేటూ ఉంటుంది. కార్బొనేటు నీళ్ళు ఎక్కడికి ఇంకితే యురేనియం అక్కడికి పోగలదని మీకిప్పుడు తెలుసు. అందుకే ఆ చెరువు అడుగున నీళ్ళు ఇంకకుండా పొర వెయ్యటం చాలా ముఖ్యం. తమ బోర్ల నీళ్ళు పాడయ్యాయనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. తమ చెరువువల్ల కాదని సంస్థవారు అన్నారు. నీళ్ళు తెచ్చి పరీక్షించటాలూ, వాదనలూ జరిగాయి. ఇటువంటి తగాదాలో రైతుకు అక్కరకు వచ్చేది ఒక్కటే: గని తవ్వకముందు తన బావి నీళ్ళు ఎలా ఉండేవో రాసిపెట్టిన లెక్క. అది ప్రతి ఊరిలోనూ ముందే ఉండాలని నా అభిప్రాయం. తాగే నీళ్ళలో లీటరుకు 30 మైక్రోగ్రాములకు మించి యురేనియం ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలో వంతు.

రేడియం మాట వచ్చింది కాబట్టి మళ్ళీ మన కొండకు వద్దాము. యురేనియం సీసంగా మారే దారిలో మధ్యలో రేడియం పుడుతుంది. దానికి ఒక చిత్రమైన గుణం ఉన్నది. అది చూడటానికి కాల్షియంలాగా ఉంటుంది. మొక్క వేరు మట్టిలో కాల్షియం వెతుక్కుంటూ, పొరపాటున రేడియం పరమాణువును కూడా లోపలికి తీసుకుంటుంది. మన శరీరం కూడా అంతే, దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. సుమారు వందేళ్ళ క్రితం అమెరికాలో గడియారాల అంకెలకు రేడియం రంగు పూసే అమ్మాయిలు, కుంచె మొనను పెదవులతో సన్నం చేస్తూ చేస్తూ, ఎముకలు చెడి చాలామంది చనిపోయారు. మట్టిలో ఉండే లేశమాత్రానికి అంత భయం లేదు. థోరియం అయితే మొక్క జోలికే రాదు, మట్టిని వదలదు గనక.

అసలు రేడియోధార్మికత లేని ప్రాణి లేదు. చింతపండులో, అరటిపండులో, కందమూలాల్లో పొటాషియం ఉంటుంది. పొటాషియంలో పదివేల పాళ్ళకు ఒక పాలు రేడియోధార్మికమైనది. పెద్దమనిషి ఒంట్లో సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుంది, దానిలో సెకనుకు నాలుగువేలకు పైగా పరమాణువులు మారుతూ ఉంటాయి. పచ్చి అడ్డాకులో కూడా ఒక విధమైన కర్బనం, కర్బనం-14 అనేది, కొంచెం ఉంటుంది. ఆకు గాలి నుంచి దానిని తెచ్చుకుంటుంది. ఆకు చచ్చిన తరవాత కొత్తది రాదు. ఉన్నది 5,730 ఏళ్ళకు సగం చొప్పున తగ్గిపోతుంది. యాభై అరవైవేల ఏళ్ళు గడిస్తే కొలవటానికి కూడా ఏమీ మిగలదు. అడ్డాకూ కర్బనమే, దాని పక్కన రాతిలో మెరిసే గ్రాఫైటూ కర్బనమే. కాని గ్రాఫైటులో ఈ కర్బనం-14 చుక్క కూడా ఉండదు. అది ఎంత పాతదో చూడండి!

రేడియం మారితే రేడాన్ పుడుతుంది. అది వాయువు. అంతవరకు రాతిని పట్టుకుని ఉన్న కుటుంబంలో గాలిలోకి ఎగిరిపోగలిగినది అదొక్కటే. దాని సగం ఆయుష్షు సుమారు నాలుగు రోజులు. ఆలోగా రాతి పగుళ్ళలోంచి, మట్టి అరుగులోంచి పైకి వచ్చి ఇంట్లోకి చేరగలదు. థోరియం కుటుంబంలో కూడా ఇలాంటి వాయువే పుడుతుంది కాని, దాని సగం ఆయుష్షు 55 సెకన్లే. పాపం, గడప దాటేలోపలే చాలాభాగం మారిపోతుంది. రాతితో కట్టిన, గాలి ఆడని గదిలో రేడాన్ పేరుకోవచ్చు. కిటికీలు తెరిస్తే పోతుంది.

తెరిచినా పోనిది ఒకటున్నది. గాలిలో రేడాన్ మారి పుట్టిన సీసపు రేణువులు ఆకులమీద వాలుతాయి. మామూలు ఆకుమీద వాలినవి వానకు కొంత కొట్టుకుపోతాయి. పొగాకుమీద జిగురు నూగు ఉంటుంది, అది వాటిని అంటించుకుని వదలదు. ఆ సీసం పొలోనియంగా మారుతుంది, చుట్ట వెలిగిస్తే పొగతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1964లో అమెరికాలో రాడ్‌ఫర్డ్, హంట్ అనే ఇద్దరు ఈ సంగతి లోకానికి చెప్పారు. మీ తాతగారు చుట్ట కాలిస్తే, ఈ పేరా చదివి వినిపించండి.

ఇక మిగిలినది మోనజైటు గింజ. రాయి అరిగిపోయినా అది అరగదు, కరగదు. వాన దాన్ని ఎర్రమట్టిలోంచి గెడ్డలోకి తోస్తుంది. ఇక్కడి గెడ్డల నీళ్ళు చాలావరకు ఏలేరులో కలుస్తాయి. ఏలేరు ఏలేశ్వరం దగ్గర మైదానంలోకి దిగి, పిఠాపురం వైపు సాగి, కాకినాడ దిక్కున సముద్రాన్ని చేరుతుంది. ఇప్పుడు ఏలేశ్వరం దగ్గర ఆనకట్ట ఉన్నది కాబట్టి కొండ ఇసుక చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఆనకట్ట లేని లక్షల సంవత్సరాలలో ఈ కనుమల నుంచి ఎన్ని ఏళ్ళు, ఎన్ని గెడ్డలు ఎంత ఇసుకను మోసుకుపోయాయో ఊహించుకోండి.

సముద్రపు అల ఆ ఇసుకను అమ్మ చేటలో బియ్యం చెరిగినట్టు చెరుగుతుంది. తేలికైన తెల్ల ఇసుకను వెనక్కు లాక్కుపోతుంది. బరువైన గింజలు ఒడ్డున మిగులుతాయి. భీమునిపట్నం దగ్గర ఒడ్డున ఇసుకమీద నల్లగా, ఎర్రగా చారలు కనపడితే ఆగి చూడండి. నల్లనిది ఇల్మనైటు. ఎర్రనిది మన దానిమ్మగింజ, గార్నెట్టు. వాటి మధ్య ఎక్కడో తేనెరంగు మోనజైటు ఉంటుంది. దేశం మొత్తం మీద మోనజైటు నిల్వలు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్ తీరంలోనే. సుమారు 37 లక్షల టన్నులని హైదరాబాదులో ఉన్న అణు ఖనిజాల సంస్థ లెక్క.

మన దేశంలో మోనజైటు ఉన్నదని మొదట తెలిసిన తీరు తమాషాగా ఉంటుంది. తిరువాన్కూరు నుంచి జర్మనీకి కొబ్బరిపీచు ఎగుమతి అయ్యేది. ఆ పీచుకు అంటుకుని కొంచెం ఇసుక కూడా పోయింది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త ఆ ఇసుకలో మెరిసే పసుపు గింజలను చూసి, ఇవి మోనజైటు అని పోల్చుకున్నాడు. ఆ రోజుల్లో మోనజైటుకు గిరాకీ అణుశక్తి కోసం కాదు, దీపాల కోసం!

పూర్వం పెళ్ళి ఊరేగింపుల్లో పెట్రోమాక్సు దీపాలు మోసుకుపోయేవారు. దానిలో వెలిగేది ఒక చిన్న గుడ్డసంచి, మాంటిల్. ఆస్ట్రియా దేశపు ఆవర్ వెల్స్‌బాఖ్ 1891లో దాన్ని సరిగా కుదిర్చాడు. నూలు వల తీసుకుని, నూటికి 99 పాళ్ళు థోరియం, ఒక పాలు సిరియం ఉండేలా కలిపిన ద్రావణంలో నానబెట్టాడు. పోగుపోగులోకీ అది ఇంకింది. ఎండబెట్టి వెలిగిస్తే నూలు కాలి పోయింది. నూలు ఆకారం మాత్రం అలాగే నిలిచింది! పోగు ఉన్నచోటల్లా థోరియం ఆక్సైడు తెల్లని అస్థిపంజరంలాగా మిగిలింది. అది 3,300 డిగ్రీల దాకా కరగదు, మంటలో పెడితే పట్టపగలులాగా వెలుగుతుంది. ఇప్పుడు చాలాచోట్ల థోరియానికి బదులు ఇట్రియం వాడుతున్నారు.

మీ ఇంట్లో అటకమీద పాత పెట్రోమాక్సు దీపం ఉంటే దింపి చూడండి. ఇత్తడి పీపాను తుడవండి, చిమ్నీ తియ్యండి. లోపల మాంటిల్ ఇంకా ఉంటే మాత్రం వేలితో ముట్టకండి, నోటితో ఊదకండి. ముట్టగానే అది పిండిగా రాలుతుంది, ఆ పిండి ఊపిరిలోకి పోకూడదు. తడిగుడ్డతో మెల్లగా ఎత్తి, పొట్లం కట్టి, పెద్దవాళ్ళకు ఇవ్వండి. చేతులు కడుక్కోండి.